గండికోట నుంచి పాపఘ్ని గండి దాకా: 1:50,000 భూగర్భ పటంతో నాలుగు రోజులు

కడప జిల్లాలో పుట్టి పెరిగి, ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నత పాఠశాలలో సామాన్య శాస్త్రం చెబుతున్న నేను, మా జిల్లా రాళ్ళ గురించి పిల్లలు అడిగే ప్రశ్నలకు జవాబు వెతుక్కుంటూ భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ వారి పటాల దగ్గరికి చేరాను. ఆ సంస్థ ప్రజల కోసం నడుపుతున్న భూకోశ్ పోర్టల్ నుంచి 57 జె/5, 57 జె/7 అనే రెండు షీట్ల భూగర్భ సమాచారాన్ని దించుకొని, పెద్ద కాగితం మీద అచ్చు వేయించుకొని, నాలుగు సెలవు రోజుల పాటు చేతపట్టుకొని తిరిగాను. ఈ సమీక్ష ఆ పటం గురించి. నా తీర్పు ముందే చెబుతాను: రాయలసీమలో బోరు వేయించదలచిన రైతుకు, రాతి వ్యాపారికి, ఉపాధ్యాయునికి, కొండలంటే ఇష్టమున్న ఏ మనిషికైనా ఇది తప్పక దగ్గర ఉంచుకోదగిన వస్తువు. అయితే దీన్ని ఇంటి గోడకు తగిలించి చూసినంత కాలం దీని విలువ సగం కూడా తెలియదు. గీసిన ప్రతి గీతనూ నేల మీదికి వెళ్ళి సరిచూసుకోగలగడమే దీని గొప్పతనం.

ముందుగా వస్తువు సంగతి. 1:50,000 అంటే పటం మీద ఒక సెంటీమీటరు నేల మీద 500 మీటర్లు. ఒక్కో షీటు అక్షాంశంలో 15 నిమిషాలు, రేఖాంశంలో 15 నిమిషాల మేర నేలను చూపుతుంది కనుక మన ప్రాంతంలో అది ఇంచుమించు 27 కిలోమీటర్ల చదరం. 57 జె/5లో గండికోట, జమ్మలమడుగు ఉన్నాయి. 57 జె/7లో వేంపల్లె, దానికి దక్షిణాన పాపఘ్ని నది కొండను చీల్చుకొని వచ్చే గండి క్షేత్రం ఉన్నాయి. పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే సమాచారం ఉచితంగానే దొరుకుతుంది. క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే, ఒక్కో రంగు ముక్క మీద నొక్కగానే ఆ రాయి ఏ సముదాయానికి చెందినది, ఏ పొర, ఏ రకం, ఏ కాలానిది అన్న వివరాలు వరుసగా కనిపిస్తాయి. ఇంతటి పని మన చేతికి ఖర్చు లేకుండా అందుతున్నదంటే దాని వెనుక ఎందరి కాలినడక ఉన్నదో తలచుకోవాలి. 1851లో మొదలైన సంస్థ ఇది. మా కడప, కర్నూలు రాళ్ళను మొదటిసారి క్రమపద్ధతిలో పొరలుగా విడదీసి వివరించిన విలియం కింగ్ రచన 1872లో వెలువడింది. అప్పటికి ఈ కొండల్లో సరైన రోడ్లు లేవు, ఆకాశం నుంచి తీసిన ఛాయాచిత్రాలు అసలే లేవు. అయినా ఆయన చేసిన విభజనలో ప్రధానమైన గీతలు చాలావరకు నేటికీ నిలిచే ఉన్నాయి.

అచ్చు వేయించే దగ్గర నాకు ఒక పొరపాటు ఎదురైంది. తరువాత ఎవరూ ఆ ఇబ్బంది పడకూడదని వివరంగా రాస్తున్నాను. మా పట్టణంలో ఒక ప్రింటింగ్ షాపులో ఫైలు ఇచ్చి వచ్చాను. వాళ్ళు కాగితానికి సరిపోయేలా బొమ్మను తామే కొంచెం కుదించి అచ్చు వేశారు. ఇంటికి వచ్చి, పటం అడుగున ఉన్న కొలత పట్టీ మీద స్కేలు పెట్టి చూస్తే, ఐదు కిలోమీటర్లకు పది సెంటీమీటర్లు ఉండవలసినది తొమ్మిది సెంటీమీటర్ల రెండు మిల్లీమీటర్లే ఉంది. అంటే నా చేతిలో ఉన్నది 1:50,000 పటం కాదు, దాదాపు 1:54,000 పటం. పైన రాసిన అంకె అబద్ధమైపోయినా కింది పట్టీ మాత్రం బొమ్మతో పాటే కుదించుకుపోతుంది కనుక అది ఎప్పుడూ నిజమే చెబుతుంది. షీటు బొమ్మ ఒక్కటే 54, 55 సెంటీమీటర్ల చదరం ఉంటుంది. పక్కన రంగుల సూచిక కూడా రావాలంటే ఏ1 కాగితం కావాలి. సైజు మార్చకుండా అసలు కొలతకే వేయమని గట్టిగా చెప్పి, అక్కడే నిలబడి పట్టీని కొలిచి చూసుకొని డబ్బులు ఇవ్వండి. రెండోసారి నేను అలాగే చేశాను, పటం సరిగ్గా వచ్చింది.

పటం తెరవగానే నన్ను మొదట కట్టిపడేసినవి రంగులు కావు, పేర్లు. పొరల పేర్లన్నీ మన ఊళ్ళ పేర్లే. అన్నిటికంటే అడుగున, పాత నైస్ (చారలు చారలుగా ఉండే స్ఫటికశిల), గ్రానైటు రాళ్ళ మీద ఆనుకొని ఉన్న గట్టి క్వార్ట్జైట్‌కు, అంటే ఇసుకరాయి మరింత గట్టిపడి ఏర్పడిన రాయికి, గుల్చేరు అని పేరు రాసి ఉంటుంది. అది కడప నుంచి రాయచోటి పోయే ఘాటు రోడ్డులో పాలకోవాకు పేరుపడిన మన గువ్వలచెరువే. దాని మీద వేంపల్లె డోలమైట్ (మెగ్నీషియం కలిసిన సున్నపురాయి వంటి రాయి), ఆపైన పులివెందుల క్వార్ట్జైట్, తాడిపత్రి షేల్ (బురద గట్టిపడి పలుచని పొరలుగా మారిన మెత్తని రాయి), గండికోట క్వార్ట్జైట్. ఆ తరువాత చాలా కాలం గడిచాక పరుచుకున్న కర్నూలు సముదాయంలో బనగానపల్లె, నార్జి, అవుకు, పాణ్యం, కోవెలకుంట్ల, నంద్యాల పొరలు. బస్సు కండక్టరు వరుసగా పిలిచే స్టేజీల లాగా ఉన్న ఈ పేర్లను ప్రపంచంలో ఏ దేశపు శాస్త్రవేత్త అయినా ఈ రాళ్ళ గురించి రాసేటప్పుడు రాయక తప్పదు. మా బడిలో వేంపల్లె నుంచి వచ్చే పిల్లవాడికి, వాళ్ళ ఊరి పేరు దాదాపు రెండు వందల కోట్ల ఏళ్ళ నాటి ఒక సముద్రపు అడుగుకు పెట్టిన పేరు కూడా అని చెప్పినప్పుడు వాడి ముఖంలో వచ్చిన వెలుగు నేను మరచిపోలేను.

ఇక నేల మీద పరీక్ష. మొదటి రోజు 57 జె/7 తీసుకొని గండి క్షేత్రం దగ్గర మొదలుపెట్టాను. ఆంజనేయస్వామి గుడి దగ్గర నిలబడి చూస్తే పాపఘ్ని నది రెండు కొండల నడుమ నుంచి బయటికి వస్తుంది. పటంలో ఆ కొండ గుల్చేరు క్వార్ట్జైట్ రంగులో ఒక పొడవాటి పట్టీలా, నది దాన్ని అడ్డంగా తెంచినట్టుగా కనిపిస్తుంది. మన పెద్దలు ఇలాంటి చోటుకు గండి అని పేరు పెట్టారు. చెరువు కట్టకు గండి పడితే నీళ్ళు ఎలా తోసుకొస్తాయో, కొండకు గండి పెట్టి నది అలా వచ్చిందని వాళ్ళు గ్రహించారు. పెన్న మీద ఉన్న కోటకు గండికోట అన్న పేరు కూడా ఆ గ్రహింపులోనుంచి వచ్చినదే. నేల రూపాన్ని ఇంత సూటిగా పట్టుకున్న మాట మన భాషలో ఉండటం నాకు గర్వంగా అనిపిస్తుంది.

కొండ రాయిని దగ్గరగా చూస్తే ఇసుక రేణువులు ఒకదానిలో ఒకటి కరిగి అతుక్కుపోయినట్టు, విరిచిన చోట పటికబెల్లం ముక్కలా మెరుస్తూ ఉంటుంది. సుత్తితో కొడితే సుత్తే ఎగిరిపడుతుంది. అక్కడి నుంచి ఉత్తరానికి, వేంపల్లె వైపు నడుస్తుంటే, పటంలో రంగు మారే చోటికి రాగానే నేల తీరు కూడా మారింది. ఎత్తైన కొండ ముగిసి, బూడిద రంగు బండలు పలకలు పలకలుగా పరిచినట్టున్న పల్లపు గుట్టలు మొదలయ్యాయి. గీత దాటిన సంగతి కాళ్ళకే తెలిసింది. అయినా కంటిని మాత్రమే నమ్మకూడదని, వెంట తెచ్చుకున్న పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క ఒకటి ఆ బూడిద బండ మీద వేశాను. దాదాపు ఏమీ జరగలేదు. అదే బండను చాకుతో గీకి, రాలిన పొడి మీద మరో చుక్క వేస్తే, సన్నగా, నెమ్మదిగా బుడగలు వచ్చాయి. మామూలు సున్నపురాయి అయితే చుక్క పడగానే చుర్రుమని పొంగి ఉండేది. పొడి చేస్తేనే పొంగేది డోలమైట్. పటంలో ఆ చోట రాసి ఉన్నది డోలమైటే. ఒక చిన్న సీసా, ఒక చాకు చాలు, ఇంతటి పటంలోని ఒక మాటను ఎవరైనా స్వయంగా నిర్ధారించుకోవచ్చు. పిల్లల ముందు ఈ పరీక్ష చేసేటప్పుడు కళ్ళకు అద్దాలు, చేతులకు తొడుగులు మరవకండి.

అదే బండల మీద ఇంకొక వస్తువు ఉన్నది. వాన నీటికి కడిగినట్టు శుభ్రంగా ఉన్న ఒక పలక మీద, ఉల్లిపాయను అడ్డంగా కోస్తే కనిపించే చక్రాల వంటి వలయాలు, ఒకదాని పక్కన ఒకటిగా, అరచేతి వెడల్పు నుంచి పళ్ళెం వెడల్పు దాకా కనిపించాయి. ఇవి స్ట్రోమటోలైట్లు. లోతులేని వెచ్చని సముద్రంలో సూక్ష్మజీవులు పొర మీద పొరగా అల్లుకుంటూ, సన్నని బురదను పట్టి ఉంచుతూ కట్టిన గూళ్ళు. భూమి మీద చెట్టు గానీ చేప గానీ లేని కాలపు ప్రాణం ఆనవాలు అది. పులివెందుల దగ్గర ఈ పొరల మధ్యకు చొచ్చుకొచ్చిన నల్లని అగ్నిశిల ఒకదానికి శాస్త్రవేత్తలు కట్టిన వయసు సుమారు 188 కోట్ల ఏళ్ళు. చొచ్చుకొచ్చినదాని కంటే చొరనిచ్చినది పాతది కావాలి కనుక ఈ వలయాలు అంతకంటే పాతవి. ఆ నల్లని రాయి వేడికి డోలమైట్ మారిపోయిన సరిహద్దులోనే పులివెందుల ప్రాంతంలో ఆస్బెస్టాస్ తవ్వారు. ఇదే వేంపల్లె పొరలో తుమ్మలపల్లె దగ్గర యురేనియం గని నడుస్తున్నది. పటం చూసేవారు ఈ సంగతులను గుర్తుపెట్టుకొంటే, రంగు పట్టీ ఒక్కటే ఇన్ని ఊళ్ళ బతుకులను ఎలా కలుపుతున్నదో అర్థమవుతుంది.

మూడవ రోజు గండికోట. అందరూ చూసే లోయ కాబట్టి దాని అందం గురించి రాయను. పటంలో అక్కడ చూడదగినది వేరే ఉంది. సర్వే ఆఫ్ ఇండియా వారి పటాల్లో సమాన ఎత్తున్న చోట్లను కలుపుతూ గీసే గీతలు ఉంటాయి. పొరలు దాదాపు సమతలంగా పరుచుకొని ఉన్నచోట రాతి సరిహద్దు ఆ ఎత్తు గీతలను అనుసరించి వంకరలు తిరగాలి. పొరలు నిటారుగా ఉన్నచోట సరిహద్దు కొండా లోయా అనకుండా సూటిగా సాగిపోవాలి. జె/5 షీటు మీద సర్వే వారి ఎత్తు గీతలను పరచి చూస్తే, గండికోట దగ్గర రాతి సరిహద్దు ప్రతి వాగులోకీ దూరి, ప్రతి గుట్ట ముక్కునూ చుట్టి, ఎత్తు గీతలతో చేయి కలిపి నడిచింది. కోట బురుజు దగ్గర నిలబడి ఎదుటి గోడను చూస్తే, గోడ కట్టిన మేస్త్రీ వరుసలు వేసినట్టు ఎర్రని రాతి వరుసలు అడ్డంగా సాగిపోతుంటాయి. కాగితం మీది వంకర గీతా, కంటి ముందున్న అడ్డు వరుసలూ ఒకే మాట చెబుతున్నాయని తెలిసిన ఆ క్షణం ఈ నాలుగు రోజుల్లో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చినది. పటం గీసినవారు ఏ గదిలోనో కూర్చొని ఊహించి గీయలేదు, ఈ వాగులన్నీ ఎక్కి దిగి గీశారని అప్పుడు రూఢిగా తెలుస్తుంది.

అక్కడే ఒక బండ మీద అలల గుర్తులు చూశాను. పెన్న ఎండిపోయినప్పుడు ఇసుక మీద మిగిలే సన్నని అలల చాళ్ళు ఎలా ఉంటాయో అచ్చం అలాగే, వేలితో తడిమితే తగిలే ఎత్తుపల్లాలతో, రాయిగా మారి ఉన్నాయి. కింద లోయలో నేటి పెన్న ఇసుక, పైన చేతి కింద ఏనాటిదో నీరు తీర్చిన ఇసుక. రెండింటి చాళ్ళ మధ్య దూరం దాదాపు ఒక్కటే, రెండు వేళ్ళ వెడల్పు.

అయితే జె/5 షీటుతోనే ఒక పూట నాకు చిక్కు వచ్చింది. జమ్మలమడుగు వైపు సున్నపురాయి మొదలయ్యే గీత దగ్గరికి వెళ్ళి ఫోనులో స్థానం చూసుకుంటే, గీత నాకు వంద మీటర్లకు పైగా పక్కన ఉన్నట్టు కనిపించింది. పటమే తప్పు అని నోటుపుస్తకంలో రాసుకున్నాను కూడా. రాత్రి కూర్చొని చూస్తే, నేను అడుగున పరచుకున్నది మిత్రుడొకరు స్కాన్ చేసి ఇచ్చిన పాత సర్వే కాగితం. పాత కాగితాలు ఎవరెస్ట్ అనే, భూమి ఆకారాన్ని లెక్కగట్టే పాత కొలత ఆధారంగా గీసినవి. ఫోను వాడేది డబ్ల్యూజీఎస్ 84 అనే వేరే ఆధారం. రెండింటి మధ్య మన ప్రాంతంలో అంత జరుగుడు సహజంగానే ఉంటుంది. ఆధారాన్ని సాఫ్ట్‌వేర్‌లో సరిదిద్దగానే గీత వచ్చి నేను నిలబడిన సున్నపురాయి అంచు మీదే కూర్చుంది. పొలం సరిహద్దు తగాదాలో రెండు కొలత గొలుసులు తేడాగా ఉంటే ఏమవుతుందో ఇక్కడా అదే అయింది. పటాన్ని తప్పుపట్టే ముందు ఈ ఒక్కటి సరిచూసుకోవడం మంచిది.

పరిమితుల గురించి కూడా స్పష్టంగా రాయాలి, ఎందుకంటే ఈ పటాన్ని దాని శక్తికి మించి వాడితే నష్టం జరుగుతుంది. 1:50,000 పటంలో అర మిల్లీమీటరు మందం గీత నేల మీద 25 మీటర్లు. పది మీటర్ల వెడల్పున్న నల్లరాతి డైకు (పాత రాళ్ళ పగుళ్ళలోకి గోడలా చొచ్చుకొచ్చిన అగ్నిశిల) ఒకటి పటంలో కనబడుతున్నదంటే అది దాని అసలు వెడల్పు కాదు, కనబడటానికి లావు చేసి గీసినది. కాబట్టి ఎకరం, రెండెకరాల పొలంలో ఫలానా మూల ఏ రాయి ఉంది అన్న ప్రశ్నకు ఈ పటం జవాబు చెప్పదు. ఆ ప్రశ్నకు పెద్ద స్కేలు సర్వే కావాలి. రెండోది, నేల మీద నల్లరేగడి గానీ నది మట్టి గానీ మందంగా పరుచుకొని ఉన్నచోట, కింద ఉన్న రాతి గీత అక్కడక్కడా బయటపడిన బండలను, బావుల నుంచి తీసిన రాయిని ఆధారం చేసుకొని ఊహించి కలిపినది. గండికోట లోయ గోడలో గీతకు ఉన్న బలం, జమ్మలమడుగుకు తూర్పున రేగడి పొలాల్లో గీతకు ఉండదు. భూగర్భ పటాల్లో ఖచ్చితమైన సరిహద్దును నిండు గీతగా, ఊహించినదాన్ని తెగిన గీతగా చూపడం ఆనవాయితీ. సమాచారాన్ని దించుకొని మనమే రంగులు వేసుకొనేటప్పుడు ఆ తేడా మాయమైపోకుండా చూసుకోవాలి. నేను మొదటి అచ్చులో అన్ని గీతలనూ ఒకే మందంతో వేయించి ఆ తేడాను పోగొట్టుకున్నాను.

రాతి పటంతో పాటు అదే పోర్టల్‌లో నేల రూపాల పటం కూడా 1:50,000లో దొరుకుతుంది. దీన్ని సర్వేక్షణ సంస్థ, హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాల ఆధారంగా కలిసి తయారుచేశాయి. రెండింటినీ ఒకదాని మీద ఒకటి వేసి చూడమని నా గట్టి సలహా. క్వార్ట్జైట్ ఉన్నచోటల్లా నిటారు అంచుల కొండలు, షేల్ ఉన్నచోటల్లా పల్లపు లోయలు, సున్నపురాయి ఉన్నచోట బల్లపరుపు నేలలు వస్తాయన్నది చదివితే ఒక వాక్యం మాత్రమే. రెండు పటాలు కలిపి చూస్తే ఊళ్ళు ఎక్కడ వెలిశాయో, చెరువులు ఎక్కడ తవ్వారో, రోడ్డు ఎందుకు ఆ వంపు తిరిగిందో కూడా తెలిసిపోతుంది. కొంచెం ఉత్తరానికి పోతే కుందూ నది లోయ అంత విశాలంగా, అంత చదునుగా ఉండటానికి కారణం దాని కింద మెత్తని నంద్యాల షేల్ ఉండటమే. అదే లోయకు అంచున పాణ్యం క్వార్ట్జైట్ గట్టిగా నిలబడి బల్ల వంటి గుట్టలను కట్టింది. ఇక బెలుం గుహలు ఉన్నది నార్జి సున్నపురాయిలో. వాన నీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని పగుళ్ళలోకి దిగి, యుగాల తరబడి రాయిని కరిగించి 3,229 మీటర్ల గుహను తొలిచింది. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు నిలబడిందీ, మన ఇళ్ళ అరుగులకు, గచ్చులకు నాపరాళ్ళు వచ్చిందీ ఈ సముదాయపు సున్నపురాతి పొరల వల్లనే.

రైతుకు ఉపయోగం గురించి ఒక లెక్క చెబుతాను. పటంలో చిన్న గీత, దానికి అడ్డంగా మరో పొట్టి గీత, పక్కన ఒక అంకె ఉన్న గుర్తులు అక్కడక్కడా కనిపిస్తాయి. పొడుగు గీత పొర సాగే దిశ, పొట్టి గీత పొర వాలే దిశ, అంకె ఆ వాలు ఎన్ని డిగ్రీలో చెబుతుంది. వేంపల్లె, పులివెందుల ప్రాంతంలో పొరలు మొత్తం మీద ఈశాన్యానికి మెల్లగా వాలి ఉంటాయి. వాలు పది డిగ్రీలనుకుందాం. ఒక పొర పైకి తేలిన చోటు నుంచి వాలు దిశలో సరిగ్గా ఒక కిలోమీటరు పోతే, నేల చదునుగా ఉన్నపక్షంలో ఆ పొర మన కాళ్ళ కింద సుమారు 176 మీటర్ల లోతున ఉంటుంది. వాలు 15 డిగ్రీలైతే 268 మీటర్లు. పక్క ఊళ్ళో ఏ పొరలో నీళ్ళు పడ్డాయో తెలిస్తే, మన పొలంలో ఆ పొర అందే లోతులో ఉన్నదా లేదా అన్నది బోరు బండి పిలవకముందే అంచనా వేసుకోవచ్చు. మధ్యలో భ్రంశం (పొరలు తెగి పక్కకో కిందికో జరిగిన చోటు) ఉంటే లెక్క తప్పుతుంది, పగుళ్ళు లేకపోతే పొర అందినా నీరు రాదు. కాబట్టి భూగర్భజల నిపుణుని సలహాకు ఇది బదులు కాదు. అయినా వేయి అడుగులు తవ్వి అప్పులపాలైన కుటుంబాలను చూసినవాడిగా, ఈ చిన్న లెక్క ప్రతి పంచాయతీ కార్యాలయంలో ఎవరో ఒకరికి వచ్చి ఉండాలని మనసారా కోరుకుంటున్నాను.

ఒక్క షీటులో కథ మొత్తం రాదు కనుక, ఎక్కువ మేర నేలను చూపే చిన్న స్కేలు పటం కూడా తీసుకోవడం మంచిది. నెలవంక ఆకారంలో, సుమారు 44,000 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకున్న కడప బేసిన్ (ఈ పొరలన్నీ పేరుకున్న పాత పల్లపు ప్రాంతం) అంతా అందులోనే ఒక చూపులో తెలుస్తుంది. పడమర అంచున పొరలు పాత రాళ్ళ మీద ప్రశాంతంగా ఆనుకొని ఉంటే, తూర్పున నల్లమలలో అవే కాలాలకు దగ్గరి పొరలు నలిగి, మడతలు పడి, ఒకదాని మీదికి ఒకటి తోసుకొచ్చి ఉంటాయి. మన చిన్నతనంలో చేతపట్టిన మార్కాపురం పలకలు ఆ నలిగిన కంభం పొరల నుంచి వచ్చినవే, మంగంపేట ముగ్గురాయి కూడా అక్కడిదే. తిరుమల ఘాటు రోడ్డులో కిందనున్న గ్రానైటు మీద క్వార్ట్జైట్ కూర్చున్న గీతను జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించారు. రెండు రాళ్ళ మధ్య కోట్ల ఏళ్ళ కాలం కనిపించకుండా పోయిన చోటు అది. గండి కొండల్లోని గుల్చేరు క్వార్ట్జైట్ తన అడుగున పాత రాళ్ళను ఆనుకొనే గీత దానికి వరుసలో తోబుట్టువు వంటిది. వేలు పెట్టి ఆ సరిహద్దు వెంట పోతుంటే తిరుపతి నుంచి పులివెందుల మీదుగా తాడిపత్రి వైపు దారి తనంతట తానే దొరుకుతుంది.

నాకున్న కోరిక ఒక్కటే. సూచికలోని మాటలు ఇంగ్లీషులో ఉన్నాయి. ఊళ్ళ పేర్లు బ్రిటిషువారి కాలపు స్పెల్లింగుల్లో ఉన్నాయి. అవుకు, కోవెలకుంట్ల, గువ్వలచెరువు అన్న పేర్లను ఆ అక్షరాల వెనుక నుంచి పోల్చుకోవడానికి నాకే సమయం పట్టింది. ఒక్క పేజీ తెలుగు సూచిక జతచేస్తే ఈ పటం చదివేవారు ఎన్నో రెట్లు పెరుగుతారు. అంతవరకు ఆగలేక, నా షీటు వెనుకవైపు ప్రతి పొరకూ తెలుగు పేరు, రాయి గుర్తుపట్టే తీరు, ఆ రాయితో జనం చేసే పని నా చేతివ్రాతతోనే రాసి అంటించాను. బడిలో పిల్లలు ముందు వైపు కంటే ఆ వెనుక వైపే ఎక్కువగా చూస్తున్నారు.

చివరి రోజు వేంపల్లె దగ్గర ఒక చీనీతోట గట్టు మీద పటం పరచి, గాలికి ఎగరకుండా నాలుగు మూలలా రాళ్ళు పెట్టి చూస్తుంటే, తోట యజమాని, డెబ్బై ఏళ్ళు పైబడిన పెద్దాయన వచ్చి కూర్చున్నాడు. ఏమి చూస్తున్నావని అడిగితే రాళ్ళ పొరలు అని చెప్పాను. ఆయన పటం వైపు చూడకుండానే చెప్పుకొచ్చాడు. "ఆ గుట్ట దాకా బూడిదబండ సార్. దాంట్లో సందులుంటే నీళ్ళు పడతాయి. ఆ పక్కన కరుకురాయి ఉండాది, దాంట్లో బోరు దిగదు, దిగినా నీళ్ళు లేవు. మా నాయన కాలంలోనే మాకు తెలుసు." ఆయన చేయి చూపిన చోట, గుట్ట మీద ఎక్కడ ఒకటి ఆగి మరొకటి మొదలైందో, పటంలో సరిగ్గా అక్కడే డోలమైట్ రంగు ఆగి, దాని మీది పులివెందుల క్వార్ట్జైట్ రంగు మొదలవుతున్నది. నేను గీతను చూపించాను. ఆయన కళ్ళజోడు సరిచేసుకొని, కాగితం మీదికి వంగి, వేలు గీత మీద పెట్టి మెల్లగా జరిపాడు. తన తోట దాకా వచ్చాక వేలు ఆపి, "మా బావి యాడ పడుతుంది దీంట్లో?" అని అడిగాడు. ఫోనులో స్థానం చూసి, పెన్సిలుతో అక్కడ ఒక చుక్క పెట్టాను. ఆయన జేబులోంచి బీడీ కట్ట తీసి, దాని కాగితం వెనుక మా బడి ఫోను నంబరు రాయించుకున్నాడు. వచ్చే ఆదివారం బావిలోంచి తీసిన రాయి ముక్కలు తెస్తానన్నాడు.